ఇంటి యంత్రములు – వాని లోపలి వ్రాత

గడచిన సంవత్సరము నేతపని ధ్వనులను గూర్చిన యొక కార్యక్రమమునకై నేను ఆలేరు ప్రాంతమున నొక పల్లెకు పోయితిని. ఒక నేతగాని యింటి వసారాలో మైకు నిలిపి, మగ్గము ఎప్పుడు ఆడునా యని వేచియుంటిని. మగ్గము ఆడలేదు గాని, లోపలి గదినుండి వేఱొక చప్పుడు వినవచ్చెను. నియమము తప్పక, అలసట యెఱుగక, ఒకే వడిలో సాగు చప్పుడది. తొంగి చూచితిని. ఒక యంత్రము అర్ధచంద్రాకారముగా నున్న మేకులకు దారము చుట్టుచున్నది. ప్రక్కన కూర్చున్న ముదుసలిని, "ఇది యేమి యమ్మా?" అని యడిగితిని. ఆమె నవ్వి, "గిదా బిడ్డా, ఆసు మిషిని. ఇదివరదాక గీ పని నా రెక్కలు చేసినయి. ఇప్పుడు గిది చేస్తున్నది" అనెను.

ఆ మాట రికార్డులో నిలిచినది. నా చెవిలోను నిలిచినది.

ఆ నెలలోనే అమెరికాలో ఉద్యోగము చేయుచున్న మా బంధువుల కుమారుడొకడు నాకు ఫోనులో మఱియొక ధ్వనిని పంపెను. ఉక్కుగుండు చెక్కపై దొరలు సవ్వడి, గంట మ్రోత, ఠప్పున నేదియో కొట్టిన చప్పుడు, మరల దొరలుట. "బాబాయిగారూ, ఇది నేను ఇంటిలో స్వయముగా చేసిన పిన్‌బాల్ యంత్రము. ఇప్పుడే మొదటిసారి దాని రెక్కలు లేచినవి" అని యతడు వ్రాసినాడు.

అచ్చట రెక్కలు, ఇచ్చట రెక్కలు. ఒకటి ఆట, ఒకటి బ్రతుకుతెరువు. అయినను ఈ రెండు యంత్రములకును బంధుత్వమున్నది. రెండును పెద్ద కర్మాగారములలో గాక, మనుష్యుని యింట, మనుష్యుని పట్టుదలచే రూపొందినవి. ఎలక్ట్రానిక్ చిప్పుతో నడచునపుడు రెండును లోపల దాచిన యొక వ్రాతను అనుసరించి కదలును. ఆ వ్రాత యెట్టిది? దానిని ఎవరు చదువవచ్చును, ఎవరు దిద్దవచ్చును? ఈ ప్రశ్నలను మీతో కలిసి విచారింపవలెనని నేటి నా ప్రసంగము.

పిన్‌బాల్ అన మనలో ననేకులకు క్రొత్తమాట కావచ్చును. వస్తువు మాత్రము పూర్తిగా క్రొత్తది కాదు. మన యిండ్లలో పిల్లలు ఆడుకొను మేకులపలక యొకటి కలదు. ఏటవాలుగా నుండు చెక్కపై మేకులు దిగగొట్టి, స్ప్రింగుతో గోలీని పైకి కొట్టగా, అది మేకులకు తగులుచు దిగివచ్చి ఏదేని గూటిలో పడును. గూటినిబట్టి మార్కులు. పాశ్చాత్యదేశముల బాగటెల్ అను ఆటకు ఇది చిన్నరూపము. ఆ బాగటెల్‌కు స్ప్రింగుమీటను అమర్చి 1871లో అమెరికాలో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అనునతడు పేటెంటు పొందెను. పిన్‌బాల్ వంశవృక్షమునకు మూలము అదియే.

మొదట ఈ ఆటలో అదృష్టమే గాని నేర్పు తక్కువ. గుండును వదలిన తరువాత ఆటగాడు చూచుచు నిలువవలసినదే. జూదమునకు ఇది అనువగుటచే 1942లో న్యూయార్కు నగరము పిన్‌బాల్‌ను నిషేధించెను. ఆ నిషేధము 1976వఱకు సాగెను. ఈ నడుమ 1947లో గాట్లీబ్ సంస్థవారు 'హంప్టీ డంప్టీ' అను యంత్రమునకు రెక్కలు పెట్టిరి. మీట నొక్కగానే రెక్క లేచి, జారిపోవు గుండును మరల పైకి కొట్టును. ఆ రెక్కలతో ఆట స్వభావమే మాఱినది. దైవాధీనమైనది హస్తాధీనమైనది. 1976లో రోజర్ షార్ప్ అను ఆటగాడు నగరసభ్యుల యెదుట యంత్రముపై ఆడి, గుండు ఏ దారిన పోవునో ముందుగా చెప్పి, అట్లే కొట్టి చూపి, ఇది నేర్పుతో కూడిన ఆటయని నిరూపించెను.

ఈ యంత్రము లోపల నేమున్నది? పలక సుమారు ఆఱున్నర డిగ్రీల వాలున నుండును. గుండు ఉక్కుది, 27 మిల్లీమీటర్ల అడ్డుకొలత, 80 గ్రాముల బరువు. పలకపై స్విచ్చులుండును; గుండు తగిలినప్పుడు అవి సంకేతమిచ్చును. పలక క్రింద తీగచుట్టలు, అనగా కాయిళ్ళు ఉండును. విద్యుత్తు ప్రవహించినంతనే అవి అయస్కాంతములై యినుపకడ్డీని లాగి రెక్కను లేపును. స్విచ్చు చెప్పును, కాయిల్ చేయును. నడుమ నుండి, ఏది చెప్పినప్పుడు ఏది చేయవలెనో నిర్ణయించునదే ఆట. పూర్వము ఆ నిర్ణయము రిలేలతోను, తిరుగు చక్రములతోను, మైళ్ళకొలది తీగెలతోను జరిగెడిది. 1970వ దశకపు ఉత్తరార్ధమున వాని స్థానమును మైక్రోప్రాసెసరు ఆక్రమించెను. తీగెలలో కనబడు నియమములు అప్పటినుండి చిప్పులో దాగినవి. తీగెలను కంటితో అనుసరించి దోషమును పట్టు మరమ్మతుగానికి, నోరు విప్పని నల్లని చిప్పు ఎదురైనది.

1999లో ఈ రంగమున ప్రఖ్యాతిగాంచిన విలియమ్స్ సంస్థ పిన్‌బాల్ తయారీని మానుకొనెను. ఆట అంతరించునని పలువురు తలచిరి. అట్లు జరుగలేదు. కర్మాగారములు మూతపడిన చోట ఇంటి కొట్టములు తెఱచుకొనినవి. వడ్రంగము తెలిసినవారు, తీగెలు అతుకుట తెలిసినవారు తమ యిండ్లలోనే యంత్రములను నిర్మింపసాగిరి. చెక్క దొరకును, కాయిళ్ళు దొరకును, ఎలక్ట్రానిక్ పలకలను ఫాస్ట్, పీ-రాక్ మొదలగు పేర్లతో చిన్నసంస్థలు అమ్మసాగెను. ఓపెన్ పిన్‌బాల్ ప్రాజెక్టు అను ఉద్యమము పలకల నమూనాలనే అందఱికిని బయలుపఱచినది. ఇక మిగిలిన చిక్కు ఒక్కటే: యంత్రమునకు ఆటను ఎవరు నేర్పవలెను?

2014లో బ్రయాన్ మాడెన్, గేబ్ నూత్ అను ఇరువురు దీనికొక దారి చూపిరి. వారు ప్రారంభించిన సాఫ్ట్‌వేరునకు మిషన్ పిన్‌బాల్ ఫ్రేమ్‌వర్క్ అని పేరు. అది పైథాన్ అను భాషలో వ్రాయబడినది. దాని మూలపాఠము ఎల్లరకు తెఱచియున్నది.

దాని పనితీరును మా వృత్తిలోని వస్తువుతో పోల్చి చెప్పెదను. మా స్టూడియోలో ప్రతిదినము ఒక క్యూషీటు ఉండును. ఎన్ని గంటలకు వార్తలు, ఏ పాట ముగిసినంతనే ఏ ప్రకటన, రికార్డు అందకున్న దాని స్థానమున ఏది వేయవలెను – ఇవన్నియు అందు వ్రాసియుండును. డ్యూటీలో నున్నవారు దానినిబట్టి నడతురు. మిషన్ పిన్‌బాల్ ఫ్రేమ్‌వర్క్‌లో ఇంటినిర్మాత వ్రాయునది సుమారుగా అట్టి క్యూషీటే. ఎడమ మీట యను స్విచ్చు ఈ తీగెకు తగిలించితిని. ఎడమ రెక్క యను కాయిల్ ఆ తీగెకు తగిలించితిని. ఈ మీట నొక్కినచో ఆ రెక్క లేవవలెను. గుండు ఈ దారిని మూడుమార్లు దాటినచో ఈ దీపము వెలుగవలెను, ఇన్ని మార్కులు కలుపవలెను. ఇట్లు సాదా అక్షరములలో, వరుసలు తప్పక, పట్టికగా వ్రాసిన చాలును. మార్కులు లెక్కించుట, గుండ్లు ఎచ్చట నున్నవో గుర్తుంచుకొనుట, ఒక గుండు ఎక్కడనో చిక్కుకొనిన కాయిళ్ళను ఒకటి తరువాత నొకటి కదల్చి దానిని వెదకుట – ఈ సాధారణ కార్యములన్నియు సాఫ్ట్‌వేరే చూచుకొనును. ఆటకు ప్రత్యేకమైన చమత్కారము మాత్రము నిర్మాతది.

ఇందొక సూక్ష్మము గమనింపదగినది. మీట నొక్కుటకును రెక్క లేచుటకును నడుమ ఆటగాని వ్రేలికి తెలియునంత ఆలస్యము ఉండరాదు. కావున కంప్యూటరు ప్రతి నొక్కును తానే విని తానే ఆజ్ఞాపింపదు. ఆట ఆరంభమునందే, ఈ స్విచ్చు పలికినచో ఈ కాయిల్‌ను నీవే లేపుమని క్రింది ఎలక్ట్రానిక్ పలకకు నియమము అప్పగించును. ఆట ముగిసినంతనే ఆ నియమమును వెనుకకు తీసికొనును. పెద్దమనుష్యుడు ఇంటి ప్రతిపనిలో తలదూర్చక, తక్షణము చేయవలసినవానిని చేతిక్రింది వారికి విడిచినట్లు ఇది.

మఱియొక సూక్ష్మము. రెక్కను లేపుటకు పెద్దబలము కావలెను. లేచినదానిని నిలుపుటకు స్వల్పబలము చాలును. పెద్దబలము కొన్ని మిల్లీసెకనులు మాత్రమే ఉండవలెను. అది ఆగనిచో తీగచుట్ట వేడెక్కి మాడిపోవును. వ్రాతలో ఒక్క అంకె తప్పిన యంత్రములో పొగ వచ్చును. అందుచేతనే ఈ సాఫ్ట్‌వేరు నిజమైన యంత్రము లేకుండ, కంప్యూటరులోనే ఆటను నడిపి చూచు సౌకర్యమును గూడ కల్పించినది. ముందు కాగితముపై తప్పు, తరువాత చెక్కపై ఒప్పు.

మూలపాఠము తెఱచియున్నదనగా నేమి? 1980 ప్రాంతమున అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రయోగశాలలో జరిగిన యొక చిన్న సంఘటన దీనిని విశదము చేయును. అచ్చటి ముద్రణయంత్రమున కాగితము తఱచు ఇఱుకుకొనెడిది. రిచర్డ్ స్టాల్‌మన్ అను ప్రోగ్రామరు, కాగితము ఇఱికినచో అందఱికి తెలియునట్లు పాతయంత్రపు ప్రోగ్రామును దిద్దియుండెను. క్రొత్తయంత్రము వచ్చెను, దానిలోను కాగితము ఇఱికెను, కాని దాని మూలపాఠము ఇచ్చుటకు ఎవరును సమ్మతింపలేదు. తెలిసినవాడు ఎదుట నుండియు, దిద్దుటకు వీలులేకపోయెను. ఈ అనుభవము అతని మనస్సున నాటుకొనెను. 1983లో అతడు గ్నూ ప్రాజెక్టును ప్రకటించెను. ప్రోగ్రామును నడుపుటకు, చదువుటకు, దిద్దుటకు, పంచుకొనుటకు ఎల్లరకు స్వేచ్ఛ ఉండవలెనని ఆ యుద్యమ సారాంశము. మన తెలుగునాట 2005లో స్వేచ్ఛ యను సంస్థవారు ఆ భావముతోనే తెలుగులో కనబడు కంప్యూటరు వ్యవస్థను సిద్ధము చేసిరి.

ఇక మరల మన పల్లెకు వత్తము.

పోచంపల్లి, పుట్టపాక మొదలగు గ్రామముల చిటికి చీరలు లోకవిఖ్యాతములు. నేయుటకు ముందే దారమునకు ముళ్ళు కట్టి, రంగులలో ముంచి, ఆ రంగుల హద్దులు బట్టపై రూపములగునట్లు చేయుట వీని విశేషము. ముళ్ళు కట్టుటకు ముందు పేకదారమును లెక్క తప్పక పేర్చవలెను. ఆ పేర్చుటకే ఆసుపోయుట యని పేరు. అర్ధవలయముగా నాటిన మేకులకును నడిబిందువునకును మధ్య, సుమారు మీటరు దూరము, దారము పట్టిన చేయి పోవుచు వచ్చుచు నుండవలెను. ఒక చీరకు 9,000 మార్లు. దినమునకు రెండు చీరలకు 18,000 మార్లు. కదలిక కొక మీటరని లెక్కించినను, ఒక స్త్రీ కూర్చున్నచోటనే తన చేతిని దినమునకు 18 కిలోమీటర్లు నడిపించినదన్నమాట. భుజము పట్టివేయుట, కన్ను మసకబారుట ఇంటింటి కథ. రెక్కలు ముక్కలు చేసికొనుట యని మన మనునది యిచ్చట ఉపమానము కాదు.

అప్పటి నల్లగొండ జిల్లా, ఆలేరు సమీపమున శారాజీపేటలో పుట్టిన శ్రీ చింతకింది మల్లేశంగారు ఈ బాధను తమ తల్లి లక్ష్మిగారి భుజమున చూచిరి. చదువు బాల్యమునందే ఆగెను. 1992లో యంత్రనిర్మాణమునకు పూనుకొనిరి. చెక్క, కమ్మీలు, మోటార్లు, అప్పులు, అపజయములు – ఏడేండ్లు గడచెను. నడుమ బ్రతుకుతెరువునకై హైదరాబాదు చేరిరి. అయినను పని విడువలేదు. 1999లో యంత్రము పూర్తియయ్యెను. తల్లి పేరనే దానికి లక్ష్మీ ఆసుయంత్రమని పేరిడిరి. నాలుగైదు గంటల పని గంటన్నరలో ముగియసాగెను. తరువాతి సంవత్సరములలో పుస్తకములు చూచి నేర్చికొని, ఎలక్ట్రానిక్ నియంత్రణను గూడ వారు చేర్చిరి. పేటెంటు లభించెను. వందలకొలది యంత్రములు నేతయిండ్లకు చేరెను. 2017లో భారతప్రభుత్వము వారిని పద్మశ్రీతో గౌరవించెను. 2019లో వారి జీవితము చలనచిత్రముగా వచ్చెను.

1999వ సంవత్సరమును మరల తలచుకొనుడు. ఒక ఖండమున పెద్దసంస్థ ఆటయంత్రముల తయారీని మానుకొనిన యేడే, ఈ ఖండమున ఒక నేతబిడ్డ తన తల్లి చేతికి విశ్రాంతి నిచ్చెను. రెండుచోట్లను ఇంటి యంత్రము తన కాలము వచ్చినదని తెలిపినట్లున్నది.

ఆసుయంత్రములోని వ్రాతకు లెక్కయే ప్రాణము. ఏ మేకునకు ఎన్ని చుట్లు, ఎప్పుడు తరువాతి మేకునకు జరుగవలెను, ఎప్పుడు ఆగవలెను? నమూనా మాఱిన లెక్క మాఱును. స్విచ్చు, కాయిల్, నియమము అని పిన్‌బాల్‌లో చూచితిమి. మేకు, మోటారు, లెక్క యని ఇచ్చట చూచుచున్నాము. వింత యేమనగా, యంత్రమునకు వ్రాత నిచ్చుట యను భావమునకు ప్రసిద్ధమైన తొలి యుదాహరణ మగ్గమే. 1804లో ఫ్రాన్సున జకార్డ్ అనునతడు రంధ్రములు పొడిచిన అట్టముక్కలచే మగ్గమునకు పూలు నేర్పెను. నేటి కంప్యూటరునకు అది పూర్వికుల యిల్లు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. ఏడేండ్లు కష్టించినవాడు తన రహస్యమును వీధిలో పెట్టవలెనా? అతని పిల్లలు ఏమి తినవలెను? ఇది న్యాయమైన ప్రశ్న. తేలికగా త్రోసివేయరానిది. సమాజము పేటెంటు ఇచ్చుట ఇందుకే. నిర్మాణమును బహిరంగముగా వివరించినందులకు ప్రతిఫలముగా మన దేశమున 20 సంవత్సరములు హక్కు నిలుచును. తరువాత అది లోకమున కెల్ల ఉమ్మడిసొత్తగును. ఇక బహిరంగ సాఫ్ట్‌వేరు మాట. మిషన్ పిన్‌బాల్ ఫ్రేమ్‌వర్క్ ఎం.ఐ.టి. లైసెన్సుతో వెలువడినది. ఎవరైనను వాడవచ్చును, మార్చవచ్చును, దానితో చేసిన యంత్రమును అమ్మవచ్చును; మూలకర్తల హక్కుప్రకటనను నిలిపియుంచిన చాలును. తన ఆటలోని సొంత చమత్కారమును దాచుకొనుటకు సైతము అడ్డులేదు. అనగా అందఱికి కావలసిన పునాది ఉమ్మడిది; దానిపై కట్టిన యిల్లు ఎవరిది వారిది. ఊరి బావి ఉమ్మడియైనంతమాత్రమున ఇంటి కుండ ఉమ్మడి కాదు గదా!

నిర్మాత లాభమెంత ముఖ్యమో, వాడుకరి భయము నంతే ముఖ్యము. మొన్న మా యింట నొక విద్యుత్ పరికరము నిలిచిపోయినది. వచ్చిన మెకానిక్ మంచి పనివాడు. మోటారు బాగుగనున్నదనెను, తీగెలు బాగుగనున్నవనెను, చిప్పులో నేమున్నదో తనకు తెలియదనెను. "పలక మొత్తము మార్చవలెను సార్, ఈ మోడలుకు అది ఇప్పుడు దొరకదు" అని చేతులు కడుగుకొనెను. మా యింట నష్టము చిన్నది. నేతయింట నష్టమట్టిది కాదు. పెండ్లిండ్ల ఋతువున ఆసు నిలిచిన చిటికి నిలుచును; చిటికి నిలిచిన మగ్గము నిలుచును. మగ్గము నిలుపలేని యింట నేమి జరుగునో తెలియునా? ఆ ముదుసలి మరల తన రెక్కలను సాచును. యంత్రము ఇచ్చిన విశ్రాంతిని చిప్పు ఒక్క దినమున హరించును.

కావున నా విన్నపము ఇది. నేతకు తోడ్పడు యంత్రములను చేయువారు నిర్మాణమునకు తగిన ధర పుచ్చుకొనుట న్యాయమే. కాని లోపలి వ్రాత, ఏ తీగె దేనికని తెలుపు పటము, మరమ్మతుగానికి అర్థమగు తెలుగు వివరణ – ఇవి యంత్రముతోపాటు ఆ యింటికి చేరవలెను. వ్రాసినవాడు దూరమైనను వ్రాత మిగులవలెను.

నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతముల పాలిటెక్నిక్, ఐ.టి.ఐ. విద్యార్థులకు ప్రత్యేకముగా ఒక మాట. 2016లో ఈ రెండు జిల్లాలు పలు జిల్లాలుగా విడిపోయినను, ఇటు పోచంపల్లి, అటు గద్వాల, నారాయణపేట – నేతసంప్రదాయమొక్కటే. నూలు ఒడలికి పట్టు అంచు చేర్చు గద్వాల చీరకు, గళ్ళ నారాయణపేట చీరకు, చిటికి చీరకు దేని చిక్కు దానిదే. ఆ చిక్కులను విప్పు యంత్రము మీలో నొకని చేతినుండి రావచ్చును. కాని మొదటనే మగ్గముపై చేయి పెట్టకుడు; నేతగాని దినకూలితో ప్రయోగములు తగవు. ముందు ఒక ఆట చేయుడు. చెక్కపలక, నాలుగు స్విచ్చులు, రెండు కాయిళ్ళు, ఒక చిన్న ఎలక్ట్రానిక్ పలక. బహిరంగ సాఫ్ట్‌వేరునకు రుసుము లేదు. స్విచ్చు పలికినప్పుడు ఏమి జరుగవలెనో వ్రాసి, తప్పి, దిద్ది, మరల వ్రాయుడు. ఆటలో తప్పిన గుండు జారును, అంతే. అక్కడ నేర్చిన క్రమము మగ్గము చెంత మీకు తోడుపడును. పెద్ద కాయిళ్ళకు 48 వోల్టుల విద్యుత్తు వాడుదురు గనుక, ఫ్యూజు లేకుండ, గురువు ప్రక్కన లేకుండ తీగె ముట్టకుడు.

నేర్చినదానిని తెలుగులో వ్రాసి పెట్టుడు. ప్రోగ్రాము భాష ఇంగ్లీషు పదములతో నుండవచ్చును. దాని ప్రక్కన 'ఈ వరుస ఎందుకు' అని మన భాషలో నొక వాక్యము వ్రాయుటకు ఎవరును అడ్డుపడరు. మీ తరువాత వచ్చు మరమ్మతుగాడు ఆ వాక్యమునకు కృతజ్ఞుడై యుండును.

ఆ పల్లెనుండి వచ్చుటకు ముందు ముదుసలిని, "ఇప్పుడు మీ రెక్కలకు పని లేదు గదా, ఏమి చేయుచున్నారు?" అని యడిగితిని. ఆమె యంత్రముపైనుండి చూపు త్రిప్పక, "మనుమరాలికి జడ ఏస్తున్న బిడ్డా" అనెను. ఆ యంత్రము ఆగిపోకుండ చూచు బాధ్యత చదువుకొనిన మనయందఱిది.